దాగలి మీద రాణి ముఖం

సమ్మెట కిందికి దిగేముందు నా కళ్ళు ఆ నాణేన్ని చూశాయా, లేదా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను మోస్తున్న అనుమానం ఇది. చూసి కొట్టి ఉంటే నేనొక రకం మనిషిని, చూడకుండా కొట్టి ఉంటే ఇంకో రకం మనిషిని. ఏ రకమో తెలియకుండానే పెళ్ళాంతో కాపురం చేశాను, పిల్లను పెంచాను, ముసలివాణ్ణయ్యాను.

రోజూ పొద్దున్నే ఇంటి దేవతల గూటి ముందు నిలబడతాను. తల మీదికి వస్త్రం లాక్కుని, చిటికెడు ధూపం వేసి, నాలుగు చుక్కల ద్రాక్షసారా ఒంపుతాను. ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని కోరుకుంటాను. చివరికి ఈ ప్రశ్న అడుగుతాను. దేవతలు జవాబు చెప్పరు. నా భార్య క్రెస్తే వెనక నుంచి వింటూనే ఉంటుంది. చూసిన కళ్ళు నీవైతే వాళ్ళనడుగుతావేమిటి అని ఒకసారి అంది. ఆమె అన్నది సబబే. అయినా నేను అడగడం మానలేదు.

నా పేరు ట్రోఫిమస్. ఇప్పుడు కేలియన్ కొండ దిగువన వేడి శనగలు, పుల్ల సారా అమ్మే చిన్న కొట్టు నాది. అప్పట్లో కొండ మీది టంకశాలలో వెండి దేనారాలు కొట్టే బానిసని. ఆరు గదుల్లో మాది చివరి గది. చక్రవర్తుల ముఖాలు మిగతా గదుల్లో పడేవి. మా గదిలో రాణుల ముఖాలే. మొదట పెద్ద రాణి, చక్రవర్తి కొడుకు చిన్న దొరకు పెళ్ళయ్యాక చిన్న రాణి. చిన్న రాణి పేరు నేను రాయను. ఆ పేరును రాళ్ళ మీద నుంచి చెక్కేసిన రోజులు చూశాను. పలికినందుకు మనుషులు చావడం చూశాను. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరంటారు కానీ నా నాలుకకు ఆ భయం పోలేదు.

నాణెం కొట్టడానికి ఇద్దరు కావాలి. ముఖం చెక్కిన అచ్చు దాగలి అనే ఇనుప దిమ్మలో బిగించి ఉంటుంది. వేడి వెండి బిళ్ళను దాని మీద పెట్టి, ఆ బిళ్ళ మీద వెనకవైపు అచ్చును నిటారుగా పట్టుకునేవాడు ఒకడు. సమ్మెట ఎత్తి కొట్టేవాడు ఇంకొకడు. మా జంటలో పెట్టేవాడు స్టాకిస్, కొట్టేవాణ్ణి నేను. అతను నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. బిళ్ళ సర్దుకోగానే "ఊఁ" అనేవాడు. అది వినపడ్డాకే నేను సమ్మెట దించేవాణ్ణి. నేను చూడాల్సింది అచ్చు నెత్తిని మాత్రమే. కింద ఏముందో చూడటం నా పని కాదు, అతని పని.

ఏడేళ్ళు అలా కొట్టాం. పక్క జంటల్లో వేళ్ళు పోయినవాళ్ళు ఉన్నారు, మణికట్టు దాకా పోయినవాడూ ఉన్నాడు. స్టాకిస్‌కి పదీ మిగిలాయి. సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గర వాటిని నా ముఖం ముందు ఆడించి చూపించేవాడు.

"లెక్కపెట్టుకోరా తమ్ముడూ, పదీ ఉన్నాయి. మా అమ్మ కని పారేసింది, కాపాడుతున్నది నువ్వే," అనేవాడు.

ఈ పనివల్ల మా అందరికీ ఒక అలవాటు పడిపోయింది. మా చేతుల్లో నాణెం పుట్టేది ముఖం కిందికి పెట్టుకునే. పైకి కనపడేది వెనకవైపే. అందుకని బయట కొట్లో డబ్బిచ్చేటప్పుడు కూడా మావాళ్ళ వేళ్ళు నాణేన్ని ముఖం కిందికే తిప్పి బల్ల మీద పెట్టేవి. అలా పెట్టినవాడు టంకశాల మనిషని కొండ కింద కొట్లవాళ్ళందరికీ తెలుసు. అలా గుర్తుపట్టి ఎగతాళి చేసేవాళ్ళు కూడా.

చిన్న రాణి నాణెం వెనకవైపున ఆమె, చిన్న దొర ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుకుని ఉంటారు. చుట్టూ సామరస్య దేవత పేరు. ముందువైపు ఆమె ఒక్కతే, జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుని, పెదవి కొంచెం బిగించి. ఆ అచ్చు చెక్కినవాడు సొసిబియస్ అనే ముసలాయన, అలెగ్జాండ్రియావాడు. రాణికి అప్పటికి పదిహేనేళ్ళు. మొగుడు ఆమెతో కలిసి ఒక్కపూట భోజనానికైనా కూర్చోడని, ఆమె ఉన్న గదిలోకి రాడని రాజభవనం వంటవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అతను పట్టుకోని చెయ్యిని నేను రోజూ పట్టిస్తున్నాను కదా, నా ఉలికి దేవత దీవెన ఉంటుందిలే అనేవాడు సొసిబియస్. అబద్ధాన్ని లక్షసార్లు కొడితే దేవత దాన్ని నిజం చేస్తుందా అని నేను అడిగితే నవ్వి, నువ్వు కొట్టు, తేల్చుకోవడం ఆమె పని అన్నాడు.

రాణి పెళ్ళినాడు మా అందరికీ ఒక్కో కొత్త దేనారం బహుమానంగా ఇచ్చారు. మేం కొట్టినవే, మాకే. నేను వారంలో ఖర్చు పెట్టేశాను. స్టాకిస్ తనది గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. రెండేళ్ళకు క్రెస్తేకు నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ రాలేదు. కాన్పులు కాచే జూనో దేవతకు పందిపిల్లను మొక్కుకున్నాను. నా దగ్గర మూడు దేనారాలున్నాయి, ఇంకొకటి కావాలి. స్టాకిస్ ఆ గుడ్డ విప్పి తన చేతిలోది నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో చూడు, పెళ్ళికూతుర్ని అప్పిస్తున్నాను. తిరిగిచ్చేటప్పుడు పెళ్ళికూతురే రావాలి. పెద్ద రాణిని పట్టుకొచ్చి సరిపెడతానంటే ఊరుకోను," అన్నాడు.

పందిపిల్లను బలి ఇచ్చాం. నా కూతురు థాల్లుసా పుట్టింది. బాకీ తీర్చడానికి నాకు తొందర లేదు. ఆ ముఖం నాణేలు రోజుకు వేలల్లో నా సమ్మెట కిందే పడుతున్నాయి కదా అనుకున్నాను.

తర్వాతి చలికాలంలో ఒక సాయంత్రం రాజభవనంలో రాణి తండ్రిని చంపేశారు. అంగరక్షక దళాలకు అధిపతి ఆయన. ఊళ్ళో చక్రవర్తి విగ్రహాల కంటే ఆయన విగ్రహాలే ఎక్కువని చెప్పుకునేవాళ్ళు. శవాన్ని పైనుంచి వీధిలోకి తోసేశారని, రాణిని తెల్లారేసరికి ఏదో దీవికి ఓడ ఎక్కించారని తెలిసింది. ఆరోజు మా పనిగది పెద్ద ఆంథస్, నన్నూ స్టాకిస్‌నీ బొగ్గు తీసుకురమ్మని కొండ కిందికి పంపాడు. సైనికులొచ్చేసరికి రాణి ముఖం కొట్టిన మనుషులు ఇద్దరైనా తగ్గుతారని అతని ఆలోచనేమో.

వీధిలో అడుగు పెట్టగానే రాణి తండ్రి కంచు విగ్రహం ఎదురొచ్చింది. మెడకు తాడేసి ఈడుస్తున్నారు. చెయ్యి ఒకటి ముందే ఊడింది. రాళ్ళ మీద అది చేసే చప్పుడు ఎముకలు విరిగే చప్పుడులా ఉంది. చేపలమ్మే ఒకావిడ దారికడ్డంగా వచ్చి, చేపలు కోసే కత్తి పిడితో దాని కళ్ళు పొడిచింది. ఆవిడ చేతి నుంచి నెత్తురు కారుతోంది, కంచుకు ఏమీ కాలేదు. జనం ఆవిణ్ణి మెచ్చుకున్నారు.

మూలన మంగలి కొట్టు. మా ఇద్దరి గడ్డాలూ గీసే మంగలి, పేరు విబియస్. రాణి పెళ్ళప్పుడు కొట్టు గోడ మీద ఆమె బొమ్మ వేయించుకున్నాడు. బొమ్మకు సున్నం పూయడానికి కుండ ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు కానీ జనమే ముందొచ్చారు. బయటికి లాగారు. నిన్నటిదాకా మీరే దండం పెట్టారు కదయ్యా అని అతను ఒక్కొక్కళ్ళ పేరు పెట్టి అడగడం మొదలుపెట్టాడు. అదే అతను చేసిన తప్పు. పేరు పెట్టి పిలిచిన ప్రతివాడూ ఒక దెబ్బ వేయాల్సి వచ్చింది. సున్నం కుండ అతని నెత్తిన బోర్లించి, గడ్డం గీయించుకునే ముక్కాలి పీటతోనే కొట్టారు. ముఖం సున్నంతో తెల్లగా ఉండి, దాని మీద ఎరుపు కారుతుంటే బొమ్మెవరో మనిషెవరో తెలియలేదు. స్టాకిస్ నా మోచేయి పట్టుకుని గోడ వైపు తిప్పాడు. చూడకు, నడువు అన్నాడు. మేం ఇద్దరం నడిచాం. ఏమీ చేయలేదు. ఇది కూడా గూటి ముందు చెప్పుకుంటాను కానీ దీన్ని అడగాల్సిన పని లేదు. ఇది నాకు తెలుసు.

బొగ్గు లేకుండానే తిరిగొచ్చేసరికి టంకశాల ఆవరణలో సైనికులున్నారు. రాణి అచ్చులన్నీ నేల మీద కుప్ప పోశారు. వాళ్ళ శతాధిపతి ఒక అచ్చును ఎండకు తిప్పి చూసి, ఈ ముఖం ఎవరి చేతి పని అని అడిగాడు. పాతికేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరు అడిగినా సొసిబియస్ ముందుకొచ్చి నాదే అని చెప్పేవాడు. మెచ్చుకోవడానికి తప్ప ఆ మాట ఎవరూ అడగలేదు. ఈసారీ అలాగే ముందుకొచ్చాడు.

"నాదేనయ్యా," అన్నాడు. గొంతులో ఆ పాత గర్వం ఇంకా ఉంది. తర్వాత చుట్టూ చూశాడు.

అతని రెండు చేతులూ వెనక్కి విరిచి, అచ్చుల కుప్ప మీదికి తోశారు. బొడిపెలున్న కర్రలతో కొట్టారు. ఎంతసేపో తెలియదు. మొదట్లో అరిచాడు, తర్వాత తన భాషలో ఏదో గొణిగాడు, తర్వాత కర్రల చప్పుడే మిగిలింది. పని పూర్తయ్యాక ఒక సైనికుడు అతని జుట్టు పట్టుకుని తల ఎత్తి చూశాడు. నుదుటి మీద, చెంప మీద రాణి ముఖం అచ్చు పడి ఉంది, నాణెం మీద పడ్డట్టే స్పష్టంగా. మా గదిలో ఇరవైమంది పనివాళ్ళం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆంథస్ నిలబడ్డచోటే పంచె తడుపుకున్నాడు.

శతాధిపతి తనకు చేతులు తుడుచుకునే గుడ్డ తెప్పించుకుని మాకు చెప్పాడు. మేమంతా ఆమె మనుషులమని ఊళ్ళో అనుకుంటున్నారట. అది అబద్ధమని రేపు జనం ముందు మేమే చూపించుకోవాలట. గదిలో మిగిలిన రాణి నాణేల్లోంచి ఒక బుట్టెడు ఊరి నడుమ ఫోరం మైదానంలో, అందరూ చూస్తుండగా, మా చేతులతోనే ఆమె ముఖాన్ని నరకాలట. చక్కగా జరిగితే ఇరవైమందీ బతుకుతారు. జరగకపోతే ఏమిటో అతను చెప్పలేదు. సొసిబియస్ ఇంకా అక్కడే పడున్నాడు.

ఆ పనికి ఆంథస్ మా జంటనే ఎంచాడు. ఎప్పుడూ తప్పు చెయ్యని జంట మాదే.

మర్నాడు ఫోరంలో గుడి మెట్ల మీద దాగలి పెట్టారు. అచ్చు లేని బోడి దాగలి. స్టాకిస్ చేతిలో ఈసారి ఉలి. అతను నాణెం పెట్టి, ఉలి దాని మీద ఆనించి, "ఊఁ" అంటాడు. నేను కొడతాను. రాణి మెడ తెగుతుంది. పక్కన నిలబడ్డ సైనికుడు దాన్ని తీసి పైకెత్తి చూపిస్తే జనం కేకలు వేస్తారు. మొదటి పదీ స్టాకిస్ ఒక్కొక్కటీ చూసుకుని పెట్టాడు. ముఖం పైకి. చలిలో కూడా అతని చెంపల మీద చెమట.

ఇరవై, ముప్ఫై, నలభై. కేకలు మొదటంత జోరుగా లేవు. తొందరగా కానివ్వండి అని శతాధిపతి అన్నాడు. మేం జోరు పెంచాం. జోరు పెంచగానే మా ఒళ్ళు పాత లయలోకి వెళ్ళిపోయింది. అతని "ఊఁ", నా ఊపిరి, సమ్మెట. ఆలోచన లేదు, ఫోరం లేదు, గదిలో ఉన్నట్టే ఉంది. ఏడేళ్ళు చేసినట్టే స్టాకిస్ వేళ్ళు నాణేన్ని ముఖం కిందికి తిప్పి పెట్టాయి. పైకి వెనకవైపు వచ్చింది. కలిపిన రెండు చేతులు, పక్కన చిన్న దొర. ఉలి దొర మెడ మీద ఆనింది.

"ఊఁ," అన్నాడు స్టాకిస్.

నేను కొట్టాను.

సైనికుడు తీసి పైకెత్తి, జనానికి చూపించబోయి, తనే చూసుకున్నాడు. తెగింది చక్రవర్తి కొడుకు మెడ. ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా చూశారు. కేకలు ఆగిపోయాయి. గుడి మెట్ల మీద పావురాల రెక్కల చప్పుడు వినిపించింది.

శతాధిపతి కేకలు వేయలేదు. నాణెం తీసుకుని, గుప్పిట్లో మూసి, మా దగ్గరికొచ్చి చిన్నగా అడిగాడు.

"దొర మెడ నరికింది ఎవర్రా?"

స్టాకిస్ నోరు తెరిచాడు. వెనక ఆంథస్, మిగతా పద్దెనిమిది మంది. ఇంట్లో నెలల పిల్ల. నా నోటి నుంచి మాట వచ్చింది.

"పెట్టినదాన్ని కొడతానంతే దొరా. పెట్టేది నేను కాదు."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. శతాధిపతి నన్ను చాలాసేపు చూశాడు. ఎండిపోయిన పెదవి తడుపుకుని తలాడించాడు.

"బాగుంది. అయితే వాడు పెడతాడు, నువ్వు కొట్టు."

నాకు అర్థం కాలేదు. స్టాకిస్‌కి నాకంటే ముందే అర్థమైంది. ఉలి కింద పెట్టాడు. కుడిచేతిని దాగలి మీద పరిచాడు, వేళ్ళు విడదీసి. జనంలో ఎవడో నవ్వాడు. నేను సమ్మెట ఎత్తలేదు. ఒక సైనికుడు ఈటె కొనను నా నడుముకు ఆనించాడు. లోపలికి దిగుతోందని తెలుస్తోంది కానీ నొప్పి తెలియలేదు. నువ్వు కొట్టకపోతే అందరూ చస్తారు, వీడూ చస్తాడు, కొడితే వీడి చెయ్యితో పోతుంది అన్నాడు శతాధిపతి, ధర చెప్పినట్టు.

స్టాకిస్ నా ముఖం వైపు చూడలేదు. దాగలి వైపు చూస్తూ, గదిలో ఎప్పుడూ అన్నట్టే, అంతే చిన్నగా అన్నాడు.

"ఊఁ."

ఆ ఊఁ అనకపోయి ఉంటే నా చెయ్యి లేచేది కాదు. మూడు దెబ్బలు కొట్టించారు. మొదటి దెబ్బకు వేళ్ళు, రెండోదానికి అరచేయి. మూడోదానికి కొట్టడానికి ఏమీ మిగల్లేదు, ఇనుము ఇనుముకు తగిలి సమ్మెట నా చేతుల్లో ఎగిరింది. రెండింటికీ "ఊఁ" అన్నాడు. మూడోదానికి అనలేదు, అప్పటికే ఒరిగిపోయాడు. నెత్తురు బుట్టలోని నాణేల మీదికి చిమ్మింది. శతాధిపతి బుట్ట పైకెత్తి చూపించాడు. జనం మళ్ళీ కేకలు వేశారు. వాళ్ళకు ఏ ముఖమైనా ఒకటే.

ఇరవైమందీ బతికారు. స్టాకిస్‌ని నేనే భుజాన వేసుకుని కొండ ఎక్కాను. నాలుగో రోజున చెయ్యి నల్లబడితే వైద్యుడు మోచేతి కింద కోశాడు. మేం నలుగురం అదిమి పట్టుకున్నాం. రంపం ఆడుతుంటే స్టాకిస్ నోట్లో తోలుముక్క కొరుకుతూ నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేను వెతికాను, దొరకలేదు.

తర్వాత అతన్ని టంకశాల వాకిలి కాపలాకు పెట్టారు. నేను ఇంకో పెట్టేవాడితో సమ్మెట పట్టాను. ఆ కుర్రాడు "ఊఁ" అన్న ప్రతిసారీ నా సమ్మెట ఒక క్షణం ఆలస్యంగా దిగేది. కొన్నాళ్ళకు నన్ను కొలిమికి మార్చారు. ఏళ్ళు గడిచి మాకు విముక్తి దొరికింది. నేను కొట్టు పెట్టుకున్నాను. స్టాకిస్ మా వెనకగదిలోకి వచ్చేశాడు. తోడు ఎవరూ లేరు అతనికి. క్రెస్తే గిన్నెలో రొట్టె ముక్కలు చేసిపెడితే ఎడమచేత్తో తినేవాడు. థాల్లుసాకు లెక్కలు నేర్పాడు, అయిదు దాటితే తన వేళ్ళు చాలవని నవ్విస్తూ.

ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తింది బాకీ సంగతే.

"ఏరా, మా పెళ్ళికూతురు ఎప్పుడొస్తుంది?" అని ఏడాదికి రెండుమూడుసార్లు, జనం ఉన్నప్పుడే, గట్టిగా అడిగేవాడు.

మొదటి ఏడాదే ఒక మామూలు దేనారం ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. రెండిస్తానన్నాను. నేనేం వడ్డీ వ్యాపారినా అన్నాడు. ఆ ముఖం నాణేలు ఊళ్ళో కరిగించేశారు. ఇంట్లో దొరికితే ప్రాణం పోయే రోజులవి. ఏడో ఏట పెద్ద చక్రవర్తి పోయి చిన్న దొర సింహాసనం ఎక్కాడు. దీవికి మనిషిని పంపి రాణిని గొంతు నులిమించాడని కబురొచ్చింది. ఆమెకు అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆ రాత్రి స్టాకిస్ తిండి ముట్టలేదు. నేను గూటి ముందు సామరస్య దేవతను అడిగాను, ఆ చేతులు కలిపిన లక్ష నాణేలూ నీకేమైనా వినిపించాయా అని. మళ్ళీ అడగలేదు. ఆ ప్రశ్న నా సొంత ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంది.

తర్వాత ఎంతమంది చక్రవర్తులు పొడిపించుకుని చచ్చారో లెక్కపెట్టడం మానేశాను. చిన్న దొర కూడా దారి పక్కన కత్తిపోటుకే పోయాడు.

ఈ చలికాలంలో స్టాకిస్ మంచం పట్టాడు. దగ్గులో నెత్తురు పడుతోంది. అదే వారంలో డాన్యూబ్ నది సరిహద్దులో పాతికేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన ఒక సైనికుడు మా కొట్లో శనగలు తిని, బల్ల మీద చిల్లర చల్లాడు. అవతల అడవి మనుషులు పాత వెండే కోరతారట, అందుకని అక్కడ ఇంకా తిరుగుతున్నాయట. అందులో ఒకటి నల్లబడి ఉంది. కలిపిన చేతులు కనిపించాయి. తిప్పాను. జుట్టు ముడి, బిగించిన పెదవి. మెడ మీద గాటు లేదు.

ఆ సైనికుడికి శనగలు ఊరికే ఇచ్చాను. ఎందుకో అడిగితే, మీరు మా ఇంటికి చుట్టాన్ని తెచ్చారన్నాను.

నాణేన్ని బూడిదతో తోమి వెనకగదిలోకి వెళ్ళాను. చేతిలో పెట్టేముందు చెప్పాల్సింది చెప్పేయాలనుకున్నాను.

"అన్నా, ఆ రోజు నేను చూశానో లేదో నాకు తెలియడం లేదు."

స్టాకిస్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. "చూశావు," అన్నాడు.

నేను మంచం కోడు పట్టుకున్నాను.

"ఏడేళ్ళు నీ సమ్మెట కింద చెయ్యి పెట్టినవాణ్ణిరా. ఊఁ అన్నాక అది ఎంతసేపటికి దిగుతుందో నాకు తెలియదా? ఆ ఒక్కసారి పైన ఆగింది. రెప్పపాటు. తర్వాత దిగింది."

"మరి ముప్ఫై ఏళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగింది దేవతల్ని. నన్నడగలేదు కదా." దగ్గు వచ్చింది. నెత్తురు తుడిచాను. మళ్ళీ అన్నాడు. "నేనూ చూశాన్రా. పెట్టేశాక చూశాను. తిప్పితే పక్కనున్న సైనికుడు ఎందుకు తిప్పావంటాడు. కొట్టేస్తే వాడు చూడకుండానే పైకెత్తి బుట్టలో పడేస్తాడులే అనుకున్నాను. నువ్వూ అదే అనుకుని ఉంటావు."

అవును, అదే అనుకున్నాను. విన్న తర్వాత అది నా తలలో ఎప్పటి నుంచో ఉన్నట్టే ఉంది. అతనే నాకు గుర్తుచేశాడో, నేనే ఇప్పుడు కల్పించుకున్నానో చెప్పలేను. కానీ ఆ రోజు, ఆ దెబ్బ తర్వాత నేనన్న మాట సంగతి వేరే. అది ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేదు.

"పెట్టేది నేను కాదు అన్నాను, అన్నా."

"అన్నావు. నిజమే కదా అది."

"నిజమే. అదే నన్ను తినేస్తోంది."

 క్షమించాననీ అతను అనలేదు, లేదనీ అనలేదు. ఎడమచెయ్యి దుప్పటి మీదికి తీసి అరచేయి తెరిచాడు. నాణెం పెట్టాను. చూపు మందగించింది కాబట్టి బొటనవేలితో తడిమాడు. జుట్టు ముడి మీద, ముక్కు మీద, పెదవి దగ్గర ఆగాడు.

"ఇదే. పిల్ల ముసలిదవలేదు, మనమే అయ్యాం," అన్నాడు. "బాకీ చెల్లు. దీన్ని నాతోనే పంపించు. చచ్చినవాళ్ళను నది దాటించే పడవవాడికి వేరే ముఖం ఇవ్వను."

రెండు రోజులకు పోయాడు. క్రెస్తే నీళ్ళతో ఒళ్ళు తుడిచింది, థాల్లుసా జుట్టు విప్పుకుని ఏడ్చింది. నాణెం నోట్లో పెట్టాల్సింది నేను. దవడ తెరిచి నాలుక మీద ఉంచబోతుంటే, నా వేళ్ళు వాటంతట అవే దాన్ని ముఖం కిందికి తిప్పాయి. ఆగాను. కిటికీ తెరవమని క్రెస్తేకు చెప్పి, వెలుగు పడ్డాక నాణేన్ని ఒకసారి బాగా చూశాను. రాణి ముఖం పైకి తిప్పి పెట్టి, దవడ మూసి, గుడ్డ కట్టాను.